పలక మనది, సీసా ఎవరిది?

పోస్టు కొంచెం పెద్దది. తీరిక చూసుకుని చివరిదాకా చదవండి. తప్పుంటే చెప్పండి, దిద్దుకుంటాం.

పోయిన వారం మన గ్రూపులోనే ఒక వీడియో తిరిగింది, చూసే ఉంటారు. ఊరేగింపు ముందర పలక వాయిస్తున్న ఒక పెద్దాయన తాగిన మైకంలో కాళ్లు తడబడి పలకతో సహా రోడ్డు మీద పడ్డాడు. లేచి మళ్లీ వాయించబోయాడు. దరువు కుదరలేదు. చుట్టూ ఉన్నోళ్లు ఈలలేశారు. దాని కింద మనోళ్లు పెట్టిన నవ్వే బొమ్మలు లెక్కపెట్టలేనన్ని. మేము కూడా మొదట నవ్వినోళ్లమే, దాచేదేముంది. తర్వాత మాలో ఒకడు, "అదే మన నాయన అయ్యుంటే?" అన్నాడు. అంతే, నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే మాలో ఇద్దరి నాయనలు పలక వాయించేవాళ్లే.

ఆ రోజు నుంచి దీని మీద బాగా మాట్లాడుకున్నాం. సెలవలకి ఇళ్లకి పోయినప్పుడు పెద్దోళ్లని అడిగాం. విడవలూరు వైపు, ఇందుకూరుపేట వైపు, ముత్తుకూరు వైపు కాలనీల్లో ఉండే మాకు దాదాపు ఒకే మాట వినిపించింది: "మందు పడందే పలక మోగదబ్బయా." ఈ మాట నిజమా కాదా? నిజం కాకపోతే ఎవరు పుట్టించారు? మా అభిప్రాయం ఇదీ.

ముందు ఒక సంగతి. పలక అంటే మనం ఒక్కళ్లమే కాదు. ఈ వాయిద్యాన్ని తరతరాలుగా బతికించింది ముఖ్యంగా మాదిగ అన్నదమ్ములు. మన యానాదుల్లో పలక పట్టేవాళ్లు కొందరే. మనోళ్లలో కొందరు మద్దెల, తాళాలు పట్టుకుని భాగవతం ఆడినోళ్లు. ఇప్పటి పిలకాయలు బ్యాండు మేళాల్లో డ్రమ్ములు కూడా కొడుతున్నారు. వాయిద్యం ఏదైనా, వాయించేవాడి చేతికి సీసా ఇచ్చే పద్ధతి ఒక్కటే. కాబట్టి ఇది మనకీ వాళ్లకీ కలిపి రాస్తున్న మాట.

పెద్దోళ్లు చెప్పిన కారణాలు కొట్టిపారేసేవి కావు. సాయంత్రం మొదలుపెడితే తెల్లారిందాకా వాయించాలి. భుజం లాగేస్తుంది, వేళ్లు బొబ్బలెక్కుతాయి. చావు కాడికి పోతే శవం ముందర నడుస్తూ శ్మశానం దాకా వాయించాలి, ఆ ఏడుపులు వింటూ. మార్గశిరం, పుష్యం నెలల్లో సముద్రం గాలి ఎముకల్లోకి పోతుంది. పదిమంది ముందర నిలబడాలంటే సిగ్గు. వీటన్నిటికీ ఒక గ్లాసు పడితే ఒళ్లు తెలియదు, చెయ్యి తేలిగ్గా ఆడుతుంది అంటారు. వాళ్ల కష్టాన్ని మేము కాదనడం లేదు. ఆ కష్టానికి మందు విరుగుడు అనేదాన్నే కాదంటున్నాం.

చెయ్యి సంగతి చూద్దాం. దరువు తప్పకుండా కొట్టడం, కాళ్లూ చేతులూ ఒక లెక్కలో కదలడం, ఇవన్నీ ఎక్కువగా చిన్నమెదడు చూసుకునే పనులు. మందు మొట్టమొదట దెబ్బ కొట్టే చోట్లలో అదొకటి. అందుకే తాగినోడు తూలతాడు, మాట ముద్దగా వస్తుంది. అదే సమయంలో మంచీ చెడూ బేరీజు వేసుకునే తెలివి కూడా మందగిస్తుంది. అంటే చెయ్యి తప్పుతున్నా తప్పుతున్నట్టు తెలియదు. "తాగితే బాగా వాయిస్తా" అనేవాడు అబద్ధం చెప్పడం లేదు, పాపం. వాడికి అట్లాగే అనిపిస్తుంది. వినేవాడికే తేడా తెలుస్తుంది.

ఒక లెక్క వేసి చూశాం. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాలు 42.8 శాతం ఉంటుంది. అంటే ఒక్క క్వార్టర్లో దాదాపు 60 గ్రాముల ఆల్కహాలు. మోటారు వాహనాల చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే బండి నడపకూడదు. 55 కిలోలుండే మనిషి ఖాళీ కడుపుతో గబగబా ఒక క్వార్టర్ తాగితే ఆ హద్దుకి నాలుగైదు రెట్లు దాటిపోయే అవకాశం ఉంది. బండి హ్యాండిలు పట్టుకోవడానికే పనికిరాని చెయ్యి, గంటల తరబడి దరువు ఎట్లా నిలబెడుతుంది?

చలి సంగతి కూడా అంతే. తాగగానే ఒళ్లు వెచ్చబడినట్టు ఉంటుంది. చర్మం కింద రక్తనాళాలు వెడల్పయి లోపలి వేడి బయటికి వచ్చేయడం వల్ల కలిగే వెచ్చదనం అది. అంటే లోపల ఉన్న వేడి పోతోందన్నమాట. చలిలో తాగడం అంటే చిరిగిన దుప్పటి కప్పుకోవడమే. ఎండలో అయితే ఇంకో ప్రమాదం. మందు ఒంట్లో నీళ్లని మూత్రంగా బయటికి తోసేస్తుంది. వాయించేవాడికి ముందే చెమట కారుతుంటుంది. అందుకే మధ్యాహ్నం ఊరేగింపుల్లో కళ్లు తిరిగి పడిపోతుంటారు. ఇక నొప్పి. మందు నొప్పిని తీసేయదు, కాసేపు తెలియకుండా చేస్తుంది. భుజం "ఆపు" అని చెప్పే మాట మనకి వినపడకుండా చేస్తుంది. పక్కన డీజే పెట్టెలు మోగుతుంటే చెవి చెప్పే మాట కూడా అంతే. రాత్రిపూట రోడ్డు మీద ఊరేగింపులో ట్రాక్టరు వెనక్కి వస్తుంటే పక్కకి తప్పుకోవాల్సింది కూడా ఆ కాళ్లే కదా!

ఇది సైన్సు. సైన్సు వద్దంటే మన కాలనీల్లోనే రుజువు ఉంది. అయ్యప్ప మాల వేసుకున్న మనోళ్లు 41 రోజులు చుక్క ముట్టరు. ఆ 41 రోజులూ భజనల్లో డోలక్కు, కంజిర ఎంత బాగా వాయిస్తారో అందరికీ తెలుసు. ఆదివారం చర్చిలో డ్రమ్ము కొట్టే తమ్ముడు తాగి కొట్టడు కదా. అదే చెయ్యి, అదే మనిషి. మాల ఉన్నప్పుడు మోగింది, మాల తీసేశాక సీసా లేకుండా ఎందుకు మోగదు? మోగుతుంది. మోగదని నమ్మించారు, అంతే.

ఈ నమ్మకం మన ఒక్కరిదే కూడా కాదు. అమెరికాలో చార్లీ పార్కర్ అని గొప్ప శాక్సాఫోన్ వాయిద్యకారుడు ఉండేవాడు, నల్లజాతి బిడ్డ. ఆయన వాయింపు చూసి, ఆయనలాగే మత్తులో ఉంటే మనకీ ఆ విద్య వస్తుందనుకుని చాలామంది కుర్రోళ్లు పాడైపోయారు. ఆయనే 1949లో ఒక సంగీత పత్రికతో మాట్లాడుతూ, మత్తులో ఉంటే బాగా వాయిస్తానని చెప్పేవాడు అబద్ధాలకోరు అన్నాడు. ఆ అలవాట్ల నుంచి తను మాత్రం బయటపడలేకపోయాడు. 1955లో పోయాడు. అప్పటికి వయసు 34. ఇంగ్లండులో లెడ్ జెప్లిన్ బ్యాండుకి డ్రమ్ములు వాయించిన జాన్ బోనమ్ 1980లో విపరీతంగా వోడ్కా తాగి నిద్రలోనే పోయాడు. వయసు 32. డబ్బు, పేరు, డాక్టర్లు అన్నీ ఉన్నోళ్ల గతే ఇదయితే, అవేవీ లేని మనోళ్ల మాట చెప్పేదేముంది.

అదే అమెరికాలో ఆదివాసీలు పౌవౌ అనే పెద్ద జాతరలు చేసుకుంటారు. అక్కడ డప్పు అంటే వస్తువు కాదు, ప్రాణం ఉన్న పెద్దమనిషి లాంటిది. దాన్ని జాతి గుండె చప్పుడు అనుకుంటారు. ఆ జాతరల్లో మందు, మత్తు నిషేధం. తాగినోడు డప్పు దగ్గర కూర్చోకూడదు. ఈ నియమం బయటోళ్లు పెట్టింది కాదు, వాళ్లకి వాళ్లు పెట్టుకున్నది. తెల్లోళ్లు తమ భూములు లాక్కున్న చరిత్రలో సారా కూడా ఒక ఆయుధమని వాళ్లకి బాగా తెలుసు కాబట్టి పెట్టుకున్నది.

మేము అసలు చెప్పాలనుకున్నది ఇక్కడే మొదలవుతుంది. సీసా ఎవరిది?

మాలో ఒకరి చిన్నాయన రెండు రోజులు ఒక ఊళ్లో వాయించి వచ్చాడు. ఒప్పుకున్న డబ్బులో సగమే చేతికి వచ్చింది. మిగతాది అడిగితే "మీరు తాగింది తక్కువా? అందులోకే పోయింది" అన్నారట. ఎన్ని సీసాలు, ఒక్కోటి ఎంత, ఎవరికీ లెక్క లేదు. పోసినప్పుడు "తాగరా, నీకు కాకపోతే ఎవరికి" అని ప్రేమగా పోశారు. లెక్క తేల్చేటప్పుడు అదే ప్రేమకి ధర కట్టారు. చిన్నాయన గట్టిగా అడగలేకపోయాడు, ఎందుకంటే ఎంత తాగాడో ఆయనకే గుర్తులేదు. అడగలేని మనిషిని తయారు చేయడమే దీని ఉపయోగం అని మాకు అప్పుడు అర్థమైంది.

తమ్ముళ్లూ, ఇది కొత్త కథ కాదు. దక్షిణాఫ్రికాలో ద్రాక్ష తోటల్లో పనిచేసే కూలీలకి జీతంలో భాగంగా చవకబారు వైను పోసేవాళ్లు. దాన్ని "డాప్" పద్ధతి అనేవాళ్లు. చట్టం వద్దన్నాక కూడా చాలాకాలం నడిచింది. తాగుడుకి అలవాటు పడ్డ కూలీ తోట వదిలి పోలేడు కదా. 1949లో అంతర్జాతీయ కార్మిక సంస్థ జీతాల రక్షణ కోసం చేసిన ఒప్పందంలో, ఘాటైన మద్యాన్ని కూలి కింద ఇవ్వడం ఏ పరిస్థితిలోనూ కుదరదని రాశారు. మన దేశంలో 1948 నాటి కనీస వేతనాల చట్టం కూడా కూలి నగదుగానే ఇవ్వాలని చెప్పింది. "పలక వాయించడం కూలి పనా, కళ కదా" అని ఎవరైనా అంటే, కళ అయితే ఇంకా గౌరవంగా డబ్బులివ్వాలి. సీసా ఇచ్చి సరిపెట్టకూడదు.

అడ్వాన్సు ఇచ్చి మనుషుల్ని కట్టిపడేయడం మన యానాదులకి తెలియని విషయం కాదు. చెరువుల కాడ, రొయ్యల గుంటల కాడ, ఇటుక బట్టీల కాడ ఎంతమంది మన తాతలు, నాయనలు తీరని బాకీ కింద ఏళ్లు గడిపారో మన ఇళ్లలోనే కథలుంటాయి. వెట్టి చాకిరీని రద్దు చేస్తూ 1976లో చట్టం వచ్చింది. కాగితం మీద రద్దయినా, బాకీకి మందు తోడైన చోట మనిషి ఇంకా ఇరుక్కునే ఉంటాడు.

ఇంకోటి మర్చిపోకూడదు. సారా మీద ఉద్యమానికి పుట్టినిల్లు మన నెల్లూరు జిల్లానే. రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దిన ఆడోళ్లు 1992లో సారా కొట్ల ముందర నిలబడ్డారు. దూబగుంట పేరు, రోశమ్మ పేరు దేశమంతా తెలిసింది. సారా పాటలు పాడనీయకుండా అడ్డుకున్నారు. 1993 ఏప్రిల్‌లో మన జిల్లాలో, అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం కూడా వచ్చింది, 1997లో ఎత్తేశారు. ప్రభుత్వాలు తెస్తాయి, ఎత్తేస్తాయి. ఆ ఉద్యమంలో మనకి పనికొచ్చేది ఒక్కటే: ఎక్కువ చదువుకున్నోళ్లు కాదు వాళ్లు, అప్పుడే నాలుగక్షరాలు నేర్చుకున్నోళ్లు. చదివిన పాఠాన్ని ఇంటికి అన్వయించుకున్నారు. మనం ఇంటర్లు, డిగ్రీలు చదువుతూ వీడియోల కింద నవ్వే బొమ్మలు పెడుతున్నాం.

ఇప్పుడు ఎదురు ప్రశ్నలు. గ్రూపులో అన్నలు అడగబోయేవి మాకు తెలుసు.

ఒకటి: "డబ్బున్నోళ్లు ఏసీ గదుల్లో తాగితే తప్పులేదు, మనోడు తాగితేనే పోస్టులా?" న్యాయమైన ప్రశ్నే. "యానాదోళ్లు ఇంతే, తాగి పడుంటారు" అనే మాట మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. బ్రిటిష్ వాళ్ల కాలంలో నేరస్థ జాతి అని ముద్ర వేసి మనోళ్లని ఠాణాలో హాజరు వేయించుకున్నారు. ఆ చట్టం 1952లో పోయినా ముద్ర పోలేదు. 2011 లెక్కల్లో మనం 5 లక్షల పైన ఉన్నాం. అంతమందినీ ఒక్క వీడియోతో కొలిచేస్తారు. అందుకే ఆ ముద్రకి బలం ఇచ్చే మాట మేము రాయం. తాగుడు మన జాతి గుణం కాదు. అది మన కూలిలో కలిపి పోసిన విషం. ఈ రెండు మాటలకీ చాలా తేడా ఉంది. మొదటిది మనిషిని తప్పు పడుతుంది, రెండోది పద్ధతిని.

రెండు: "అమ్మోరికి సారా పెట్టడం మన ఆచారం. దాన్నీ మానుకోమంటారా?" కాదు. పోలేరమ్మకి, అంకమ్మకి పెద్దోళ్లు పెట్టే నైవేద్యం సంగతి పెద్దోళ్లే చూసుకుంటారు. అందులో వేలు పెట్టే వయసు, అర్హత మాకు లేవు. కానీ అమ్మోరి ముందర పెట్టేది ఒక చుక్క. దాని పేరు చెప్పి వాయించేవాడి గొంతులో పోసేది రెండు క్వార్టర్లు. అమ్మోరు ఎప్పుడూ ఎవరి కూలిలోనూ కోత పెట్టలేదు.

మూడు: "సీసా వద్దంటే మేళానికి పిలవరు. పొట్ట ఎట్లా గడవాలి?" ఇదే అన్నిటికంటే గట్టి ప్రశ్న. దీనికి మా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక్క మేళం వాళ్లే వద్దంటే పక్క మేళాన్ని పిలుస్తారు, నిజమే. అందుకే ఇది ఒక్కరి నిర్ణయంగా కాకుండా చుట్టుపక్కల మేళాలన్నీ కలిసి చేసుకునే కట్టుబాటుగా ఉండాలంటున్నాం. తాగని మేళం టైముకి వస్తుంది, గొడవ పడదు, దరువు చివరిదాకా నిలబెడుతుంది. ఆ పేరు వస్తే ఎక్కువ డబ్బులు అడిగే దమ్ము కూడా వస్తుంది. వాయిద్యంతో గౌరవం రాదని ఎవరన్నారు? మణుగూరు వైపు కోయ డోలు వాయించి, తమ జాతి కథలు పాడిన సకిని రామచంద్రయ్యకి 2022లో పద్మశ్రీ వచ్చింది. డోలు ఆయన్ని ఢిల్లీ దాకా తీసుకుపోయింది.

పోయే డబ్బు కూడా ఒకసారి చూడండి. 2024 అక్టోబర్ నుంచి మన రాష్ట్రంలో క్వార్టర్ 99 రూపాయలకి దొరుకుతోంది. రోజుకి ఒక్కటే అనుకున్నా ఏడాదికి 36,135 రూపాయలు. వాయించిన చోట ఉచితంగా పోసిన అలవాటే వాయించని రోజున జేబులోంచి తీయిస్తుంది. ఆ డబ్బు ఇంట్లో ఉంటే ఒక పిల్ల హాస్టలు ఖర్చు, పుస్తకాలు, బస్సు ఛార్జీలు వెళ్లిపోవా?

అందుకని మేము కొన్ని ప్రతిపాదనలు పెడుతున్నాం. చర్చించండి.

మేళానికి ఒప్పుకునేటప్పుడే ఎంత డబ్బు, ఎన్ని గంటలు, ఎంతమంది అనేది కాగితం మీద రాసుకోవాలి. మనలో చదువుకున్నోళ్లు ఆ కాగితం రాసిపెట్టాలి, లేదంటే కనీసం ఫోనులో మెసేజ్ పెట్టించాలి. "మందు కూలిలోకి రాదు, కూలిలోంచి పోదు" అనే ఒక్క మాట అందులో ఉండాలి.

సీసా బదులు అడగాల్సినవి అడగాలి: కడుపు నిండా అన్నం, మంచినీళ్లు, టీ, పలక కాచుకోవడానికి ఎండుగడ్డి, కాసేపు నడుం వాల్చడానికి చోటు. నలుగురు వాయించే చోట ఆరుగురు పోయి వంతులేసుకుంటే నొప్పికి మందు తాగాల్సిన పని ఉండదు. ఇంకో ఇద్దరి కూలి అడగడానికి సీసాల ఖర్చు తగ్గిందని చెప్పొచ్చు.

మేళంలో ఉండే పిలకాయలకి ఎవరూ పోయకూడదు. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనోళ్లకి మందు అమ్మడమే నేరం. "మగాడివి కాదా" అని పోసేవాడికి ఆ మాట మొహం మీద చెప్పే అన్న ఒకడు ప్రతి మేళంలో ఉండాలి. మనలో చాలామందికి మొదటి గ్లాసు ఇచ్చింది పెళ్లి ఊరేగింపే. దాచుకోవద్దు.

ఏళ్ల తరబడి తాగేవాళ్లని ఒక్కరోజులో మానేయమని తిట్టొద్దు. బాగా అలవాటు పడ్డోళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే చేతులు వణకడం, ఫిట్స్ రావడం, ఏదేదో మాట్లాడడం జరగొచ్చు. అది ప్రాణం మీదకి తెస్తుంది. వాళ్లని పెద్దాసుపత్రిలో డాక్టరుకి చూపించి మాన్పించాలి. మత్తు మానాలనుకునేవాళ్ల కోసం 14446 అనే ఉచిత నంబరు ఉంది. ఆ ఫోను మనమే చేసి మాట్లాడిద్దాం. ఆసుపత్రికి తోడు మనమే పోదాం.

చివరగా, మన గ్రూపులో అలాంటి వీడియోలు ఇక వద్దు. పడిపోయినోడిని లేపిన వీడియో ఉంటే పెట్టండి.

ఆ వీడియో చివర్లో ఒక సంగతి గమనించారా? పెద్దాయన కింద పడినప్పుడు తల కాపాడుకోలేదు. పలక పగలకుండా రెండు చేతులతో గుండెకి హత్తుకున్నాడు. అంత మైకంలో కూడా ఆయనకి ఆ పలక విలువ తెలుసు. తెలియంది ఆయన చేతిలో సీసా పెట్టినోడికి. ఆ తర్వాత నవ్విన మనకి.

మీ కాలనీలో వాయించేవాళ్లు ఎవరున్నారు, వాళ్లకి కూలి ఎట్లా ఇస్తున్నారు, కింద రాయండి. పేర్లు వద్దు, సంగతి చాలు. సంక్రాంతి సెలవలకి అందరం ఊళ్లోనే ఉంటాం కదా. అప్పుడు మేళాల పెద్దోళ్లని ఒకచోట కూర్చోబెట్టి వాళ్ల మాట విందాం. మేము రాసినదాని కంటే వాళ్లు చెప్పేదే ముఖ్యం.

జై ఆదివాసీ.